పక్కపక్కనే బోర్లు, ఒక్కోదాంట్లో ఒక్కో రకం నీరు: కింద ఉన్న రాయి మహిమ ఏమిటి?

కొత్తబోరు:

భూగర్భ జలాల గురించి ఈ మధ్య కాస్త చదివాను. చదివినకొద్దీ తికమక ఎక్కువైంది. తెలిసినవారు విడమరచి చెబుతారని అడుగుతున్నాను.

బడి పుస్తకాల్లో ఒక బొమ్మ ఉంటుంది కదా. పైన చెట్టు, పక్కన బావి, నేల కింద నీలిరంగు పట్టీ, ఆ పట్టీ మీద గీత గీసి ‘జలమట్టం’ అని రాసి ఉంటుంది. ఆ బొమ్మను నమ్మితే గీత దాకా ఎక్కడ తవ్వినా నీరు పడి తీరాలి. నా కళ్లముందు జరిగింది వేరు. ఒకే స్థలంలో, వంద అడుగుల ఎడంలో వేసిన బోర్లలో ఒకటి ధారగా పోస్తోంది. దాని పక్కది దుమ్ము తప్ప మరేమీ ఇవ్వలేదు. ఇంకాస్త అవతల వేసినదాంట్లో నీళ్లున్నాయి గానీ నోట పెట్టలేనంత ఉప్పు. సముద్రం దరిదాపుల్లో కూడా లేదు.

అన్నిటి మీదా కురిసేది ఒకటే వాన. మరి ఈ తేడా ఎక్కడినుంచి వచ్చింది? అడిగితే ఒకరు ‘భూమిలో నీటి నాడులుంటాయి, నాడి మీద పడితే నీరు, తప్పితే లేదు’ అన్నారు. ఇంకొకరు ‘అంతా కింద ఉన్న రాయిని బట్టి ఉంటుంది’ అని ఊరుకున్నారు. రాయిని బట్టి అంటే ఏమిటి? రాతిలో నీరెలా ఉంటుంది? ఉన్నా, అది మంచినీరో ఉప్పునీరో రాయి ఎలా తేలుస్తుంది?

రాతిపొడి:

కొత్తబోరు గారూ, ఆ నీలిరంగు బొమ్మ మీద నాకు చాలాకాలంగా కోపం. అది అబద్ధం కాదు, కానీ అందులో రాయి లేదు. రాయిని పక్కనపెట్టి భూగర్భ జలం గురించి చెప్పడం, గిన్నె సంగతి ఎత్తకుండా పాలు ఎన్ని పడతాయో చెప్పడం లాంటిది. బోర్లు వేసేచోట పైకి వచ్చే రాతిపొడిని పట్టిచూసి, ఏ లోతులో ఏ రాయి తగిలిందో రాసిపెట్టడం నా వృత్తి. కాబట్టి రాయి వైపునుంచే చెబుతాను. కొంచెం పొడుగవుతుంది.

తగినంత లోతుకు వెళితే నేల కింద దాదాపు ప్రతిచోటా నీరుంది. ఒక మట్టానికి దిగువన, రాతిలో ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ నీరు నిండే ఉంటుంది. అందుకే ‘నీరుందా లేదా’ అన్న ప్రశ్నతో నాకు పని లేదు. ఖాళీ ఎంత ఉంది? ఆ ఖాళీలు ఒకదానితో ఒకటి కలిసి ఉన్నాయా? లోపలి ఉప్పును కడిగేసేంతగా ఆ నీరు ఎప్పటికప్పుడు మారుతోందా? ఇవి అడగాలి. వాన నీటిని పంపుతుంది, అంతవరకే. తక్కినదంతా రాయి చేతిలో ఉంది.

ఖాళీ ఉండటం వేరు, నీరివ్వడం వేరు. వంద లీటర్ల తడి బంకమట్టిలో నలభై, యాభై లీటర్ల నీరు పట్టి ఉంటుంది. ఇసుకలో ముప్పైకి అటూఇటూ. ఈ లెక్కన బంకమట్టే మేలనిపిస్తుంది. తీరా తోడబోతే అది రెండు మూడు లీటర్లు వదిలి చేతులెత్తేస్తుంది, ఇసుక ఇరవైకి పైగా ఇస్తుంది. బంకమట్టి రేణువులు అతి సన్నం, వాటి మధ్య సందులు ఇంకా సన్నం. ఆ సందుల్లో నీరు మట్టిని అంటిపెట్టుకుని ఉండిపోతుంది. ఖాళీ ఎంతుందో చెప్పేది సచ్ఛిద్రత, నీరు ఎంత సులువుగా కదులుతుందో చెప్పేది పారగమ్యత. నీటిని దాచుకుని, తోడితే వదిలే పొర ఆక్విఫర్. వదలని పొర దానికి మూతగానో అడుగుగానో పనికొస్తుంది. అదేమీ చిన్న పని కాదు.

ఫ్రాన్స్‌లోని డిజోన్ నగరానికి నీటి సరఫరా ఏర్పాటు చేసిన ఇంజనీరు హెన్రీ డార్సీ, నిలువు గొట్టంలో ఇసుక నింపి, దానిలోంచి నీటిని పంపి కొలతలు తీసి, ఆ ఫలితాన్ని 1856లో ప్రచురించాడు. రెండు చివర్లలో నీటి మట్టాల తేడా పెరిగితే ప్రవాహం పెరుగుతుంది, ఇసుక పొడవు పెరిగితే తగ్గుతుంది, తక్కిన భారమంతా ఆ ఇసుక స్వభావాన్ని చెప్పే ఒక గుణకం మీద పడుతుంది. నా ఉద్యోగమంతా ఆ గుణకంలోనే ఉంది. శుభ్రమైన గులకరాళ్లకూ పగుళ్లు లేని గ్రానైట్‌కూ ఆ అంకెలో తేడా, ఒకటి పక్కన పన్నెండు సున్నాలు పెట్టినంత. మీ బోర్ల మధ్య వంద అడుగులున్నాయన్నారు. రాయి మారడానికి ఒక్క అడుగు చాలు.

ఒండ్రు నేలల్లో నీటికి పెద్ద ఇబ్బంది ఉండదు. వరద ఉరవడిగా పారినచోట గులక, నెమ్మదించినచోట ఇసుక, నిలిచిపోయినచోట బంకమట్టి మేటవేస్తుంది. నది దారి మార్చుకుంటే పాత పాయ ఇసుకంతా బంకమట్టి కింద పూడిపోతుంది. పైన ఆనవాలు కూడా కనిపించదు గానీ బోరు దాని మీద పడితే పంట పండినట్టే. గంగా మైదానం ఇలాంటిదే. అమెరికాలో ఒగల్లాల ఆక్విఫర్ కూడా అంతే: రాకీ పర్వతాలు అరిగి కొట్టుకొచ్చిన ఇసుక, గులక 8 రాష్ట్రాల కింద సుమారు 4,50,000 చదరపు కిలోమీటర్ల మేర పరచుకుంది. ఇలాంటి నేలలో ‘నాడి’ అన్న మాటకు అర్థమే లేదు. ఎక్కడ గుచ్చినా ఎంతో కొంత పడుతుంది, కర్ర పట్టుకుని చోటు చూపించినవారికి ఊరికే పేరొస్తుంది.

గ్రానైట్, నైస్ వంటి గట్టి రాళ్లలో వ్యవహారం పూర్తిగా వేరు. తాజా గ్రానైట్‌లో ఖాళీ ఒక శాతం కూడా ఉండదు. నీరు ఉంటే పైన ఎండకూ వానకూ లక్షల ఏళ్లుగా కుళ్లి మొరంగా మారిన పొరలో ఉండాలి, లేదా దాని కింద పగుళ్లలో ఉండాలి. కుళ్లిన పొరలో కూడా పై భాగం చాలావరకు బంకమట్టిగా మారిపోయి ఉంటుంది; నీటిని దాచుకుంటుంది, అడిగిన వెంటనే ఇవ్వదు. అసలు వాటం దాని అడుగున, సగం కుళ్లిన రాయి తాజా రాయిని కలిసేచోట. అక్కడ పగుళ్లు దట్టంగా ఉంటాయి. ఇంకా దిగితే పైనున్న రాతి బరువుకు అవి బిగుసుకుపోతాయి, సంఖ్య కూడా తగ్గుతుంది. కాబట్టి మీతో నాడి అన్నాయనను ఈ ఒక్క రాతి విషయంలో నేను కొట్టిపారేయను. పగులు మీద పడితే నీరు, తప్పితే పొడి. కాకపోతే అది గోరు మందం కూడా లేని నెర్రె. పైన కుళ్లిన పొర దానికి నీరందిస్తున్నంత కాలమే దాని వైభవం. ఆ పొర పలచగా ఉంటే బోరు మొదట్లో మురిపించి, వేసవి రాగానే గాలి ఊదుతుంది.

బసాల్ట్ నల్లరాయి అంతస్తులుగా ఉంటుంది. దక్కన్ పీఠభూమిలో సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట లావా విడతలు విడతలుగా పారి, ఒకదాని మీద ఒకటి పేరుకుంది. ప్రతి విడతలోనూ పైభాగం గాలిబుడగల గూళ్లతో, పగుళ్లతో ఉంటుంది. నడిమి భాగం గట్టి బండ. చాలాచోట్ల రెండు విడతల మధ్య ఎర్రని బంకమట్టి పొర ఉండి, పై అంతస్తు నీటిని కింది అంతస్తుకు దిగనివ్వదు. గూళ్లు చూసి సంబరపడేవాళ్లను చూశాను. గూళ్లను కలిపే పగుళ్లు లేకపోతే ఆ రాయీ బండతో సమానమే.

సున్నపురాయిలో నీరు తన దారి తానే తొలుచుకుంటుంది. వాన నీరు గాలిలో, మట్టిలో ఉన్న కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని పలుచని ఆమ్లమై, సన్నటి నెర్రెను వేల ఏళ్లలో సొరంగం చేస్తుంది. అక్కడ రెండు బోర్ల మధ్య తేడా మీరు చూసినదానికన్నా ఘోరంగా ఉండగలదు. ఇసుకలో రోజుకు మీటరు కూడా కదలని నీరు ఆ సొరంగాల్లో వందల మీటర్లు, ఒక్కోచోట కిలోమీటర్లు పరుగెడుతుంది. వడపోత అన్నది ఉండదు కాబట్టి పైన పడ్డ మురుగు కూడా అదే వేగంతో ఊటలో తేలుతుంది.

ఇక ఉప్పు. చాలామంది మంచినీరు సహజమనీ, ఉప్పు ఎక్కడినుంచో వచ్చి చేరిందనీ అనుకుంటారు. నేను తలకిందులుగా చూస్తాను. సముద్రం అడుగున ఏర్పడిన రాళ్లలో మొదటినుంచే ఉప్పునీరు ఉంటుంది. కొన్ని పొరల్లో జిప్సం, రాతి ఉప్పు ఉంటాయి. మిగిలిన రాళ్లు కూడా కదలకుండా నిలిచిన నీటిలో తమ లవణాలను కొద్దికొద్దిగా వదులుతూనే ఉంటాయి. లీటరుకు 1,000 మిల్లీగ్రాముల లోపు లవణాలుంటే మంచినీరంటాం, సముద్రంలో 35,000 దాకా ఉంటాయి. రాయిలోని ఆ పాత ఉప్పు పోవాలంటే వాన ఒకవైపు ఎత్తులో లోపలికి దిగాలి, మరోవైపు పల్లంలో బయటికి పోవాలి, నడుమ దారి తెరిచి ఉండాలి. ఈ మూడూ కుదిరి వేల ఏళ్లు కడిగినచోట మంచినీరుంటుంది. వచ్చే దారి ఉండి పోయే దారి లేకపోతే ఉప్పు అక్కడే పేరుకుంటుంది.

మీ బోర్ల గురించి ఊహతో చెప్పను. ఒక్కోదాంట్లో ఏ లోతున ఏ రంగు పొడి వచ్చిందో గుర్తుంటే రాయండి. నీళ్లకన్నా ఆ పొడే ఎక్కువ చెబుతుంది.

పాతాళగంగ:

ఇంత వివరం అవసరమా అండీ? నా అనుభవంలో సూత్రం ఒకటే: ఎంత లోతుకు వెళితే అంత స్వచ్ఛమైన నీరు. పై నీటిలో మురుగు, ఎరువులు కలుస్తాయి. కింది నీటిని రాయే వడకడుతుంది. వందల మీటర్ల లోతునుంచి తనంతట తానే ఎగదన్నే బావులు ప్రపంచంలో లేవా?

రాతిపొడి:

ఉన్నాయి. పాతాళగంగ గారూ, మీ మాట చెల్లేచోటు ముందు చెబుతాను. పారిస్‌లో గ్రెనెల్ అనేచోట 1833లో మొదలుపెట్టిన బావిలో 1841లో, 548 మీటర్ల లోతున నీరు తగిలి, తనంతట తానే నేలపైకి చిమ్మింది. అది లోతు చేసిన పని కాదు. అక్కడి రాతి పొరలు పళ్లెంలా వంగి ఉన్నాయి. నీటిని మోసే ఇసుక పొర పళ్లెం అంచుల్లో, పారిస్‌కు దూరంగా, ఎత్తుగా ఉన్నచోట నేలపైకి తేలి వాన నీటిని తాగుతుంది; నడిమధ్యలో మాత్రం బంకమట్టి మూత కింద ఇరుక్కుపోయి ఉంటుంది. మూతకు చిల్లి పడేసరికి అంచులో ఉన్న మట్టం దాకా లేవబోతుంది. మూత పనికిమాలినది కాదని మొదట అన్నది ఇందుకే.

ఆస్ట్రేలియాలోని గ్రేట్ ఆర్టీసియన్ బేసిన్ ఇదే పని ఖండం స్థాయిలో చేస్తుంది: 17 లక్షల చదరపు కిలోమీటర్లకు పైగా, అంటే ఆ దేశంలో ఐదో వంతుకన్నా ఎక్కువ. తూర్పున పర్వతాల దగ్గర ఇసుకరాయిలోకి ఇంకిన వాన పడమరకు నడుస్తూ పోతుంది. కొన్నిచోట్ల ఆ నీటి వయసు పది లక్షల ఏళ్లు దాటింది. అయినా వాడుకోదగినట్టుగా ఉందంటే లోపలికి రావడానికీ బయటికి పోవడానికీ దారి ఉండబట్టే. ఎడారిలో దాని ఊటలు ఇప్పటికీ ఉబుకుతున్నాయి.

ఇప్పుడు రెండో వైపు. కెనడాలోని టిమిన్స్ దగ్గర ఒక గనిలో, 2.4 కిలోమీటర్ల లోతున పగుళ్లలోంచి కారుతున్న నీటిని పరీక్షించి, అది 150 కోట్ల ఏళ్లకన్నా పాతదని 2013లో ప్రకటించారు. మీ సూత్రం ప్రకారం అది అమృతంలా ఉండాలి. సముద్రపు నీటికన్నా ఉప్పన. అన్నేళ్లు రాతితో కలిసి కదలకుండా కూర్చుంటే మరేమవుతుంది? సామాన్యంగా కొన్ని వందల మీటర్లు దాటాక నీరు ఉప్పనవడమే ఎక్కువ. లోతు పెరిగితే పగుళ్లు తగ్గుతాయి, నీటి నడక మందగిస్తుంది, కడగడం ఆగిపోతుంది. పెద్ద ఇసుకరాయి పళ్లేలు దానికి మినహాయింపు.

లోతు నీటిలో ఇంకో చిక్కు ఉంది. ఈజిప్ట్, లిబియా, సూడాన్, చాద్ దేశాల కింద ఉన్న నూబియన్ ఇసుకరాయిలో మంచినీరు అపారం. కానీ అది సహారా పచ్చగా ఉన్న రోజుల్లోనూ, అంతకుముందూ ఇంకిన నీరు. ఇప్పుడు తోడుతున్నదాన్ని పూడ్చేంత వాన అక్కడ లేదు.

తీరరేఖ:

రాతిపొడి గారు తీరాలనూ దీవులనూ వదిలేశారు. నా పని అక్కడే కాబట్టి కొంత కలుపుతాను.

సముద్రపు నీరు మంచినీటికన్నా నూటికి రెండున్నర పాళ్లు బరువు. అందువల్ల దీవి కింద మంచినీరు ఉప్పునీటి మీద తేలుతుంది. సముద్ర మట్టానికి 1 మీటరు ఎత్తున మంచినీరుంటే, మట్టానికి దిగువన సుమారు 40 మీటర్ల దాకా మంచినీరే ఉండాలి. నెదర్లాండ్స్‌కు చెందిన బాడన్ ఘైబెన్, జర్మనీకి చెందిన హెర్జ్‌బెర్గ్ విడివిడిగా తేల్చిన లెక్క ఇది. దీన్ని తిరగేసి చదివితే గుండె జారుతుంది: తోడి తోడి పై మట్టాన్ని అర మీటరు దించితే, కిందనుంచి ఉప్పునీరు మెల్లగా 20 మీటర్లు పైకి వస్తుంది.

ఇక్కడ రాయి ఏమి చేస్తుందంటే, మంచినీరు సముద్రంలోకి ఎంత త్వరగా జారిపోవాలో అది నిర్ణయిస్తుంది. సన్న ఇసుక నీటిని ఆపుతుంది, కాబట్టి పైన మట్టం లేస్తుంది, కింద మంచినీటి మందం పెరుగుతుంది. తూట్లు పడ్డ సున్నపురాయి ఆపదు. మెక్సికోలోని యుకతాన్ ద్వీపకల్పం ఉత్తర భాగంలో వాన బాగానే ఉంది, అయినా నేలమీద నదులు లేవు. కురిసినదంతా గుహల్లోకి దిగి సముద్రానికి పారిపోతుంది. మంచినీటి పొర పలచన. దాని కింద ఉప్పునీరు తీరం నుంచి పదుల కిలోమీటర్లు లోపలికి చొచ్చుకుపోయి ఉంది. అక్కడి నీటిగుహల్లో ఈత కొట్టేవారికి మంచినీరు, ఉప్పునీరు కలిసేచోట చూపు మసకబారుతుంది, రెండడుగులు దిగగానే మళ్లీ తేటపడుతుంది.

పగడపు దీవుల్లో ఈ రెండూ ఒకదానికింద ఒకటి ఉంటాయి. పైన గత కొన్నివేల ఏళ్లలో పేరుకున్న పగడపు ఇసుక, కింద ఎప్పుడో సముద్రం వెనక్కి తగ్గినప్పుడు వానకు తూట్లుపడిన పాత సున్నపురాయి. ఈ రెండింటి హద్దు మామూలుగా 15 నుంచి 25 మీటర్ల లోతున ఉంటుంది. వాన ఎంత కురిసినా మంచినీటి పొర ఆ హద్దు దాటి పెద్దగా దిగదు, కింది తూట్లలో అలల పోటుకు ఉప్పుతో కలిసిపోతుంది. మార్షల్ దీవుల్లోని మజురోలో గాలికి చాటుగా ఉన్న పడమటి కొసన, లారా అనేచోట, మంచినీరు బాగా నిలుస్తుంది. గాలి, అలలు నేరుగా కొట్టేవైపు ముతక రాళ్లు పడతాయి. చాటువైపు సన్న ఇసుక చేరుతుంది. దీవి పొడుగునా వాన ఒకటే అయినా నీళ్లు చాటువైపే ఎక్కువ.

ఇంకొక్కటి చెప్పి ఆపుతాను. సముద్రం కింద కూడా మంచినీరుంది. 1976లో అమెరికా తూర్పు తీరానికి ఆవల సముద్రగర్భంలో బోర్లు వేసిన అక్కడి భూగర్భ సర్వే సంస్థకు ఉప్పు చాలా తక్కువగా ఉన్న నీరు తగిలింది. సుమారు 20,000 ఏళ్ల కిందట, మంచు యుగంలో, సముద్రం ఇప్పటికన్నా 120 మీటర్ల దిగువన ఉండేది. అప్పుడు అదంతా నేలే. అప్పుడు ఇంకిన నీటిపై తర్వాత సముద్రం వచ్చి కూర్చుంది గానీ, నడుమ బంకమట్టి పొర ఉండటంతో ఉప్పు లోపలికి దిగలేకపోయింది. ప్రపంచవ్యాప్తంగా ఖండాల అంచుల్లో సముద్రం కింద ఇలాంటి తక్కువ ఉప్పు నీరు 5 లక్షల ఘన కిలోమీటర్ల దాకా ఉండవచ్చని 2013లో ఒక అంచనా వెలువడింది. రాతిపొడి గారు మూత అన్నదానికి ఇంతకన్నా పెద్ద సాక్ష్యం నాకు తెలియదు.

పరీక్షనాళిక:

ఉప్పు లేనంత మాత్రాన మంచినీరు అనేయకండి. నేను నీటి పరీక్షల ప్రయోగశాలలో పనిచేస్తాను. నాలుకకు తెలియనివే ఎక్కువ ప్రమాదం, వాటినీ రాయే పెడుతుంది.

గ్రానైట్‌లో ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలుంటాయి. నీటిలో కాల్షియం తగినంత ఉంటే అది ఫ్లోరైడ్‌ను ఖనిజంగా కట్టేసి, మోతాదు మరీ పెరగకుండా ఆపుతుంది. రాతిలో చాలాకాలం ఉండి, కాల్షియం వదులుకుని, సోడియం పెంచుకున్న నీటిలో ఆ అడ్డు ఉండదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శక పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. విచిత్రమేమిటంటే అలాంటి నీరు తరచుగా మెత్తగా, రుచిగా ఉంటుంది. జనం మెచ్చుకుని తాగుతారు.

ఆర్సెనిక్ ఇంకో తరహా. బెంగాల్ డెల్టాలో హిమాలయాల నుంచి వచ్చిన ఒండ్రు రేణువుల మీద ఇనుము తుప్పు పూత ఉంటుంది, ఆ పూతకు ఆర్సెనిక్ అతుక్కుని ఉంటుంది. ఒండ్రుతోపాటు పూడిన ఆకూ అలమూ కుళ్లి ఆక్సిజన్‌ను హరించేస్తే తుప్పు కరుగుతుంది, ఆర్సెనిక్ నీటిలోకి దిగుతుంది. తుప్పు పోయిన ఇసుక బూడిదరంగుకు తిరుగుతుంది. దాని కింద ఉన్న పాత ఇసుకలో తుప్పు ఇంకా చెక్కుచెదరలేదు, రంగు నారింజ, గోధుమ. అందుకే బంగ్లాదేశ్‌లో గొట్టపుబావులు వేసేవారు పైకి వచ్చే ఇసుక రంగు చూసి, ఎర్రటిది తగిలేదాకా దిగడం నేర్చారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితి లీటరుకు 10 మైక్రోగ్రాములు మాత్రమే కనుక రంగు చూసి వదిలేయకూడదు, పరీక్ష తప్పదు. కానీ రాతిపొడి గారు పొడి రంగు అడగడంలో ఎంత అర్థముందో ఇక్కడ తెలుస్తుంది.

కొత్తబోరు:

అందరికీ ధన్యవాదాలు. పొడి కుప్పలు ఇంకా అక్కడే ఉన్నాయి, వెళ్లి చూసి రాస్తున్నాను.

నీరు పోస్తున్నదాంట్లో అరవై అడుగుల దాకా పసుపు మొరం, తర్వాత రాయి. తొంభై అడుగుల దగ్గర వచ్చిన ముక్కల్లో కొన్నిటికి ఒకవైపు తుప్పు రంగు అంటి ఉంది. నీరు తగిలింది అక్కడే. ఎండుదాంట్లో మొరం ముప్పై అడుగులకే అయిపోయింది. ఆ కింద మూడు వందల అడుగుల దాకా తెలుపు, నలుపు కలిసిన పిండి, ఒకటే రంగు. ఉప్పుదాంట్లో యాభై అడుగుల దగ్గర ఆకుపచ్చ కలిసిన బూడిదరంగు జిగట మట్టి వచ్చి బోరు వేసే సుత్తికి చుట్టుకుంది, తర్వాత బరువైన నల్లరాయి ముక్కలు, ఇంకా కింద మళ్లీ బూడిదరంగు పిండి.

ఒక సందేహం. బోర్లు వేసే ముందు కరెంటు పంపి కొలిచే సర్వే చేయించాం. ఆ సర్వేలో అన్నిటికన్నా మంచి చోటుగా చూపించింది ఆ ఉప్పు బోరునే! అదెలా?

రాతిపొడి:

కళ్లకు కట్టినట్టు రాశారు. తుప్పు అంటిన ముక్క ఒక్కటి చాలు. అది పగులు గోడ నుంచి ఊడొచ్చింది. ఆ పగులులో నీరు ఏళ్ల తరబడి నడిచింది కాబట్టే ఇనుము తుప్పుపట్టి అంటుకుంది. పైన అరవై అడుగుల మొరం ఉంది, పగులుకు నీరందించే గిడ్డంగి అదే. ఎండు బోరులో తెలుపు, నలుపు పిండి తాజా గ్రానైట్. మొరమూ పలచన, పగులూ లేదు. మూడు వందల అడుగుల దాకా పోకుండా నూట యాభై దగ్గరే ఆపాల్సింది, పైన పొర పలచగా ఉన్నప్పుడు కింద అదృష్టం కలిసిరావడం అరుదు.

మూడోది డోలరైట్ డైకు అంచున పడిందని నా అంచనా. గ్రానైట్ పగిలినచోట కరిగిన రాయి కిందనుంచి నిలువుగా చొచ్చుకొచ్చి గోడలా గడ్డకడుతుంది. నల్లగా, బరువుగా, సన్న పలుకుతో ఉంటుంది. కుళ్లితే మీరు చూసిన జిగట మట్టే అవుతుంది. ఈ గోడ నేల కింది నీటికి అడ్డుకట్ట. హవాయి దీవుల్లో ఇలాంటి గోడల మధ్య వాన నీరు సముద్ర మట్టానికి వందల మీటర్ల ఎత్తున నిలిచి ఉంటుంది, వాళ్లకు అది వరం. అక్కడ వాన ఎక్కువ, కడగడం ఆగదు. మీ డైకుకు అవతలి అరలో నీరు బయటికి పోయే దారి మూసుకుపోయి, మట్టం నేలకు దగ్గరగా ఉండి ఎండకు ఆవిరవుతూ ఉంటే, ఉప్పు ఏటికేడు చిక్కబడుతుంది. నేల మీద నల్లటి గుండ్లు ఒకే వరుసలో పరుచుకుని ఉన్నాయేమో చూడండి. ఉంటే నా అంచనాకు బలం చేకూరుతుంది.

సర్వే అబద్ధం చెప్పలేదు, దాన్ని చదవడంలో తొందరపడ్డారు. యంత్రం కొలిచేది నేల కరెంటుకు ఎంత అడ్డుపడుతుందన్నదే. తాజా గ్రానైట్ వేల ఓమ్-మీటర్లు (ఆ అడ్డును కొలిచే ప్రమాణం) చూపిస్తుంది, నీరున్న మొరం పదుల్లో ఉంటుంది. అంకె ఇంకా తగ్గితే ఇంకా ఎక్కువ నీరని సంబరపడకూడదు. బంకమట్టి కూడా అంకెను దించుతుంది, ఉప్పునీరు మరీ పాతాళానికి దించుతుంది. మీ ఉప్పు బోరులో ఆ రెండూ ఉన్నాయి. ఆ చుట్టుపక్కల రాయి ఏమిటో తెలియకుండా ఆ అంకెను చదవబోతే ఇదే జరుగుతుంది.

ఆ బోరును పూడ్చేయకండి. మూత బిగించి, వానలకు ముందూ తర్వాతా నీటి మట్టాన్ని టేపుతో కొలవండి. మంచి బోరులో కూడా అదే రోజు కొలవండి. రెండు మట్టాలూ తేడాగా ఉండి, మంచి బోరును ఎంత తోడినా రెండోది కదలకపోతే మధ్యలో గోడ ఉన్నట్టే లెక్క, మీ మంచినీటికి ఆ వైపునుంచి భయం లేదు. కదిలిందంటే గోడకు ఎక్కడో పగులుంది. అప్పుడు మోటారు వేసే గంటలు తగ్గించి, నెలకోసారి మంచి బోరు నీటి విద్యుద్వాహకత కొలిపించండి. ఫ్లోరైడ్ పరీక్ష మాత్రం ఈ వారమే చేయించండి, కింద ఉన్నది గ్రానైట్ కాబట్టి.

కొత్తబోరు:

నల్లగుండ్ల వరుస ఉందండీ. ఎండు బోరుకూ ఉప్పు బోరుకూ మధ్యగా, ఏటవాలుగా, కంచె దాటి అవతలికి కూడా పోయింది. ఇన్నాళ్లూ ఎవరో ఏరి గట్టు వేశారనుకున్నాను. రేపు టేపు తీసుకెళ్లి రెండు మట్టాలూ కొలుస్తాను, అంకెలు ఇక్కడే రాస్తాను.